అడవి అంచున నర్సు చేసే వైద్యం: చదువేదీ, అధికారమేదీ?



ప్రభుత్వ వైద్యుడిగా నేను సంతకం చేసిన కాగితాలు వేలల్లో ఉంటాయి. వాటిలో ఒక్కదానిని వెనక్కి తీసుకునే అవకాశం వస్తే ఏది తీసుకుంటానో నాకు స్పష్టంగా తెలుసు. అది ఒక స్టాఫ్ నర్సుకు నేను ఇచ్చిన మెమో.

1980ల చివరి సంవత్సరాలు. అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం దాటి చర్ల వైపు పోయే అడవి గ్రామాలకు దిక్కుగా ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను వైద్యాధికారిని. కేంద్రం పేరు రాయను. తప్పు నాది, దానిని ఊరికి అంటగట్టడం న్యాయం కాదు. వర్షాకాలంలో ఒకనాడు సమావేశానికని భద్రాచలం వెళ్లాను. ఆ రాత్రి వానకు వాగులు పొంగి రెండు రోజులు తిరిగి రాలేకపోయాను. ఆ మధ్యలో ఒక కోయ తల్లి ఎనిమిది నెలల బిడ్డను చంకన వేసుకొని వచ్చింది. బిడ్డకు ఎగశ్వాస. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్క లోపలికి పోతున్నది. అది న్యుమోనియా అని మా నర్సు గుర్తించింది. టెస్ట్ డోస్ వేసి చూసుకొని పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. రాత్రింబవళ్లు వేళ తప్పకుండా ఇస్తూ పోయింది. నేను వచ్చేసరికి బిడ్డ పాలు తాగుతున్నాడు.

అప్పుడు నేను చేసిన పని ఏమిటో చెప్పాలి. వైద్యుడి చీటీ లేకుండా ఖర్చయిన పెన్సిలిన్ సీసాల లెక్క స్టాకు రిజిస్టరులో తేలలేదు. ఆడిట్ దగ్గర పడింది. వైద్యాధికారి లిఖితపూర్వక ఆదేశం లేకుండా ఇంజెక్షన్లు ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందిగా మెమో రాశాను. ఆమె వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. నేను పాఠశాలలో చదువుతున్న కాలానికే ఆమె కాన్పులు చేస్తూ ఉండేది. ఆమె ఇచ్చిన సంజాయిషీ ఒక్క వాక్యం: “తమరు వచ్చేవరకు బిడ్డ ఆగే స్థితిలో లేడు.” దానిని ఫైలులో పెట్టి, ఏదో ఉదారంగా క్షమించినవాడిలా ఊరుకున్నాను.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఈనాడు ఇది రాసేవాడిని కాను. నాలుగు నెలల తరువాత, నేను మళ్లీ ఊళ్లో లేని ఒక రాత్రి, పదేళ్ల పిల్లవాడిని మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోయే జ్వరం, ఫిట్స్, స్పృహ లేదు. మలేరియా మెదడుకు ఎక్కిందని ఆ ప్రాంతంలో పనిచేసిన ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. క్వినైన్ బీరువాలో ఉంది. మోతాదు ఆమెకు కంఠస్థం. ఆమె తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది. నోటిలోని చొంగ తీసి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నా కోసం మనిషిని పంపింది. సూది మాత్రం వేయలేదు. తెల్లవారి నేను చేరేసరికి పిల్లవాడు లేడు. ఎందుకు ఇవ్వలేదని నేను అడగలేదు. అడగవలసిన పని లేదని మా ఇద్దరికీ తెలుసు. క్వినైన్ ఇచ్చినా దక్కేవాడో లేదో చెప్పలేను, ఆ జబ్బు అటువంటిది. కానీ ఆ రాత్రి సూది ఆగిపోవడానికి కారణం జబ్బు కాదు, నా మెమో.

నర్సులకు వైద్యం చేసే అధికారం ఇవ్వాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నా వృత్తిలోని మిత్రులు, ఇస్తే ప్రాణాలు పోతాయని అంటారు. ఇవ్వకపోయినా పోతాయని నాకు తెలుసు. అందుకే, ఈ ఉపోద్ఘాతం కొంత పెద్దదైనా, ముందుగా మీకు చెప్పుకున్నాను.

చర్ల ఎక్కడుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మండలం. గోదావరి ఒక వైపు, ఛత్తీస్‌గఢ్ అడవి మరొక వైపు. భద్రాచలం ఏరియా ఆసుపత్రి దాదాపు 60 కిలోమీటర్లు. సరిహద్దుకు అవతల బీజాపూర్ జిల్లాలోని పామేడు వైపు గూడేల వారికి చర్ల సంతే సంత, చర్ల ఆసుపత్రే ఆసుపత్రి. 2005 తరువాత సల్వాజుడుం రోజుల్లో అవతలి నుంచి వచ్చిన గుత్తికోయలు అడవి లోపల చిన్న చిన్న ఆవాసాలు వేసుకున్నారు. వాటిలో చాలావాటికి సరైన దారి లేదు. గోదావరికి పెద్ద వరద వస్తే భద్రాచలం నుంచి చర్ల వచ్చే రోడ్డే మునిగిపోతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. 108 అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. అక్కడి నుంచి లోపలికి మనుషుల భుజాలే వాహనం.

అటువంటి చోట మొదట రోగిని చూసేది ఎవరు? ఏ.ఎన్.ఎం., స్టాఫ్ నర్సు, లేదా ఇంజెక్షన్ల సంచితో తిరిగే ఆర్.ఎం.పి. వైద్యుడు చూసేది ఆ తరువాత. కొన్నిసార్లు చాలా తరువాత. అంటే నర్సు వైద్యం చేయవచ్చునా అన్న ప్రశ్నే తప్పు. ఆమె దశాబ్దాలుగా చేస్తూనే ఉన్నది. చదువు చెప్పకుండా, చట్టం అండ లేకుండా, చేస్తే మెమో, చేయకపోతే శాపనార్థాలు అన్న స్థితిలో చేస్తున్నది. మనం అడగవలసిన ప్రశ్న, ఆమెకు ఆ పని చక్కగా నేర్పుతామా, నేర్పిన తరువాత ఆమె వెనుక నిలబడతామా అన్నది.

ప్రపంచంలో దీనికి జవాబు చెప్పినవారు ఉన్నారు. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి మొదటి నర్సు ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించారు. ఫోర్డ్ గారు అంతకుముందు కొలరాడో గ్రామాల్లో ప్రజారోగ్య నర్సుగా పనిచేశారు. వైద్యులు లేని ఊళ్లలో పిల్లలను తాను ఎలాగూ చూస్తున్నాననీ, ఆ పనిని శాస్త్రబద్ధంగా నేర్పాలనీ ఆమె భావించారు. మా చర్ల నర్సు ఆలోచన కూడా ఇదే. కాకపోతే ఆమె పక్కన హెన్రీ సిల్వర్ లేడు, నేను ఉన్నాను.

నర్సు ప్రాక్టీషనర్ అంటే కొత్త పేరు పెట్టిన నర్సు కాదు. నర్సు చదువు ప్రధానంగా పరిశీలన, పరిచర్య, ఆదేశాల అమలు నేర్పుతుంది. ప్రాక్టీషనర్ చదువు నిర్ణయం నేర్పుతుంది. రోగి మాట వినడం, ఒళ్లంతా పరీక్షించడం, ఇది ఫలానా జబ్బు కావచ్చు, ఫలానాది కాకపోవచ్చు అని తర్కించడం, తన పరిధిలోని మందు రాయడం, తన పరిధి ఎక్కడ ముగుస్తుందో గుర్తించి పైకి పంపడం. చివరిది అన్నిటికంటే కష్టమైనది. దానిలో ఎం.బి.బి.ఎస్. చదివిన మేము కూడా తరచుగా తప్పుతాము.

నిర్ణయం నేర్పవచ్చునా అని మీకు అనుమానం రావచ్చు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను, ఇది మీ ఇంట్లో పసిపిల్లలు ఉంటే మీకూ పనికి వస్తుంది. దగ్గు, జ్వరం ఉన్న బిడ్డకు వచ్చింది మామూలు జలుబా, న్యుమోనియానా? బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40 గాని అంతకు మించి గాని ఉంటే అది వేగశ్వాస. దగ్గుతో పాటు వేగశ్వాస ఉంటే న్యుమోనియాగా భావించి చికిత్స మొదలుపెట్టాలి. రెండు నెలలు నిండని బిడ్డ అయితే ఆసుపత్రికే తీసుకుపోవాలి. డొక్క లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా ఏ వయసు వారినైనా ఆలస్యం లేకుండా పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. ఇంతే. గడియారం ఉంటే చాలు, ఎక్స్‌రే అక్కరలేదు. ఎన్నో దేశాల అనుభవం ఇన్ని అంకెలుగా కుదిరింది. మా నర్సుకు 1980లలో ఈ అంకెలు ఎవరూ చెప్పలేదు. ఆమె కన్ను చెప్పింది.

మనకు పొరుగున, గోండులు నివసించే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. 39 గ్రామాల్లో, ఆ ఊళ్ల మహిళలకే శిక్షణ ఇచ్చి, పురిటి బిడ్డలకు ఇన్ఫెక్షన్ వస్తే ఇంటి దగ్గరే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇప్పించారు. 1999లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. పోల్చి చూసిన ఊళ్లతో పోలిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. వారు నర్సులు కూడా కారు. కానీ వారికి నేర్పినవారు అక్కడే ఉన్నారు. వారిని క్రమం తప్పకుండా పర్యవేక్షించినవారు ఉన్నారు. తప్పు జరిగితే దిద్దినవారు ఉన్నారు. ఆ ఫలితాన్ని సూది ఒక్కటే తేలేదు, సూది వెనుక ఉన్న ఆ మనుషులు కూడా తెచ్చారు.

నర్సుల విషయానికే వస్తే, కెనడాలోని బర్లింగ్‌టన్‌లో జరిపి 1974లో ప్రకటించిన అధ్యయనం పేరు పొందింది. కుటుంబాలను చీటీలు వేసినట్టు రెండుగా విభజించి కొన్నిటిని వైద్యుల వద్దకు, కొన్నిటిని నర్సు ప్రాక్టీషనర్ల వద్దకు పంపారు. నర్సులు తమ వద్దకు వచ్చిన వారిలో 67 శాతం మందిని వైద్యుడిని పిలవకుండానే చూడగలిగారు. ఆరోగ్య ఫలితాల్లో తేడా కనిపించలేదు. అటువంటి 18 అధ్యయనాలను 2018లో కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. ప్రాథమిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సుల చేతిలో ఫలితాలు వైద్యులతో సమానంగానో, కొంత మెరుగ్గానో ఉన్నాయి. నర్సులు రోగితో ఎక్కువ సేపు గడిపారు. రోగులు ఎక్కువ తృప్తి చెందారు. ఆ అధ్యయనాలు దాదాపు అన్నీ సంపన్న దేశాల్లోనివి. అక్కడి నర్సుకు ఫోను ఎత్తితే వైద్యుడు పలుకుతాడు. ఆ తేడాను మరచి ఈ లెక్కలను చర్లకు తెచ్చి అతికించడం తగదు.

మన దగ్గరి లెక్క కూడా ఒకటి ఉంది, అది నా వాదానికి సగం అనుకూలం, సగం ప్రతికూలం. అందుకే చెప్పి తీరాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2001లో మూడేళ్ల వైద్య కోర్సు ప్రారంభించింది. ఐ.ఎం.ఏ. గట్టిగా వ్యతిరేకించింది. ఆ కోర్సు ఆగిపోయింది, కానీ అప్పటికే చదివిన వారిని రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనం, సాధారణ జబ్బుల చికిత్సలో వారి సామర్థ్యం ఎం.బి.బి.ఎస్. వైద్యాధికారులతో సమానంగా ఉందని తేల్చింది. అదే అధ్యయనంలో, వైద్యుడు లేని కేంద్రాలను నడుపుతున్న నర్సులు, ఫార్మసిస్టుల సామర్థ్యం మాత్రం అందరికంటే తక్కువగా ఉంది. నా మిత్రులు ఈ రెండవ సగాన్ని నాకు చూపిస్తారు. నేను మొత్తాన్ని వారికి చూపిస్తాను. మూడేళ్లు క్లినికల్ విద్య నేర్పిన చోట ఫలితం వచ్చింది. నేర్పకుండా కుర్చీలో కూర్చోబెట్టిన చోట రాలేదు. ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏముంది?

ఇక మన దేశం ఏమి చేసిందో చూడండి. 2018 ఏప్రిల్ 14న ఆయుష్మాన్ భారత్ పథకంలో దేశంలోనే మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రధానమంత్రి ప్రారంభించిన ఊరు జాంగ్లా. అది బీజాపూర్ జిల్లాలోనిది, అంటే మా చర్లకు అడవి దాటితే పొరుగు. ఉపకేంద్రానికి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు అనే కొత్త ఉద్యోగిని ఇవ్వాలన్నది పథకం. నర్సింగ్ చదివినవారికి, ఆయుర్వేదం చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టి ఆ ఉద్యోగంలో నియమించారు. ఆ తరువాత బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలోనే ఆ అంశాలను చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్కులలో బీఎస్సీ నర్సులను ఎం.ఎల్.హెచ్.పి.లుగా పెట్టారు. తెలంగాణ పల్లె దవాఖానాలలో వైద్యులను, ఆయుర్వేద పట్టభద్రులను, నర్సులను కూడా తీసుకున్నారు. ఆలోచన మంచిది. నేను మనసారా స్వాగతించాను.

నా ఆక్షేపణ ఆరు నెలల మీద. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ప్రొఫెసరుగారు రోజూ సాయంత్రం నన్ను వార్డులో తిప్పి, ఒక్కొక్క ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టించి ఏమి వినబడుతున్నదో చెప్పమనేవారు. తప్పు చెబితే మళ్లీ పెట్టించేవారు. నూరు ఛాతీలు విన్న తరువాత నూటొకటవది నాకు మాట్లాడింది. దీనికి అడ్డదారి లేదు. అయిదున్నరేళ్లు చదివిన నాకే నూరు ఛాతీలు కావలసి వచ్చినప్పుడు, నర్సుకు తరగతి గదిలో స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ చేతికిచ్చి, అయిదు వేల మంది జనాభా మధ్య ఒంటరిగా దింపడం ఆమెకూ న్యాయం కాదు, ఆ జనానికీ న్యాయం కాదు. పైగా ఆమె సమయంలో ఎంత భాగం రోగికి, ఎంత భాగం ట్యాబ్‌లో గడులు నింపడానికి పోతున్నదో ఎవరైనా ఒక రోజు ఆమె పక్కన కూర్చొని చూడాలి.

ఇంతకంటే బాగా చేయడం మనకు తెలియని విద్య కాదు. ఆ మాట చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీలో 18 నెలల శిక్షణ మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అన్న పేరునే ఖాయం చేసింది. శిక్షణ కాలం అదే, 18 నెలలు. అందులో ప్రధాన భాగం కాన్పు గదిలోనే, అనుభవజ్ఞురాలి పక్కన నిలబడి నేర్చుకోవడం. ఇన్ని కాన్పులు స్వయంగా చేసి పుస్తకంలో నమోదు చేయాలి. మామూలు కాన్పును కోత లేకుండా, తల్లిని భయపెట్టకుండా చేయించడం, ప్రమాదాన్ని ముందే పసిగట్టి వైద్యుడిని పిలవడం వారి పని.

కాన్పులకు చేయగలిగినది జ్వరాలకు, పిల్లల జబ్బులకు, బి.పి., షుగరులకు, క్షయకు, సికిల్ సెల్‌కు ఎందుకు చేయలేము? నేను కోరేది ఇదే. ప్రాథమిక వైద్యంలో నర్సు ప్రాక్టీషనర్‌కు 18 నెలలకు తగ్గని శిక్షణ ఇవ్వాలి. అది హైదరాబాదులో కాకుండా జబ్బులున్న చోట, భద్రాచలం ఏరియా ఆసుపత్రి వంటి చోట జరగాలి. 2022 నుంచి కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆ అధ్యాపకులు వారానికి ఒక రోజు నర్సులకు మంచం పక్కన పాఠం చెబితే వారి విద్యార్థులకు కూడా అడవి జబ్బులు తెలుస్తాయి. మందుల గదిలో ఏ మందులు ఆమె స్వయంగా రాయవచ్చో చట్టబద్ధమైన జాబితా ఉండాలి. ఫోను ఎత్తే వైద్యుడు ఒకరు ఆమెకు పేరుతో సహా తెలిసి ఉండాలి. నెలకొకసారి ఆసుపత్రికి వచ్చి, తాను చూసిన మరణాలను, పొరపాట్లను భయం లేకుండా చెప్పుకొనే సభ ఉండాలి. అక్కడ సంజాయిషీ అడిగేవారు ఉండకూడదు. ఈ చివరి వాక్యం నా స్వార్థంతో రాస్తున్నాననుకోండి.

ఒక మాట మరిచాను, భాష. కడుపులో నొప్పి ఎలా ఉందని తెలుగులో అడిగితే కోయ ముసలమ్మ తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్ని నేను మొదటి ఏడాది అంతా ‘అవును’ అనుకొని కేసు షీట్లు నింపాను. కోయ భాష వచ్చిన అమ్మాయిలు నర్సింగ్‌లోకి రావాలి, వారిని ఆ ప్రాంతంలోనే నిలుపుకోవాలి. మొదటి పరీక్ష స్టెతస్కోపుతో కాదు, నాలుకతో జరుగుతుంది.

చట్టం సంగతికి వస్తాను. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ ఒక తలుపు తెరిచింది. ఆధునిక వైద్యవృత్తితో సంబంధం ఉండి, నిర్దేశించిన అర్హతలున్న వారికి కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌గా పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చు. వారి సంఖ్య నమోదైన వైద్యుల సంఖ్యలో మూడవ వంతుకు మించకూడదు. ప్రాథమిక, నివారక వైద్యంలో మాత్రమే నిర్దేశిత మందులు స్వతంత్రంగా రాయవచ్చు, మిగిలినవి వైద్యుడి పర్యవేక్షణలో. ఈ సెక్షన్ మీద దేశవ్యాప్తంగా వైద్యులు ఆందోళన చేశారు. 2019 జులై 31న ఐ.ఎం.ఏ. పిలుపు మేరకు 24 గంటల పాటు అత్యవసరం కాని సేవలు నిలిపివేశారు. ఆ ఆందోళనలో ఒక న్యాయం ఉంది. చట్టం ‘నర్సు’ అన్న మాట వాడలేదు. ఎవరు, ఎంత చదివితే ఆ లైసెన్సుకు అర్హులు అన్నది నిబంధనలకు వదిలేసింది. అటువంటి ఖాళీలోకి ఎవరు దూరుతారోనన్న భయం సహేతుకమే. కానీ తలుపులోకి దొంగ రాకూడదంటే కాపలా పెట్టాలి గాని గోడ కట్టేయకూడదు. ఆ పైన 2023లో 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ప్రాథమిక వైద్యంలో నర్సు ప్రాక్టీషనర్ చదువును, పరిధిని, నమోదును స్పష్టంగా రాయడానికి ఇంతకంటే తగిన చోటు లేదు.

“పట్నం వాళ్లకు డాక్టరు, అడవివాళ్లకు నర్సమ్మా?” ఈ ప్రశ్న ఒకసారి చర్లలోనే ఒక యువకుడు నన్ను అడిగాడు. మిగిలిన ఆక్షేపణలన్నీ నాకు తేలికగా తోచాయి, ఇది తోచలేదు. ఈ వాదం పాతది కూడా. పెద్దవారికి ఎల్.ఎం.పి. డాక్టర్లు గుర్తుండే ఉంటారు. 1946లో భోర్ కమిటీ, పల్లెలకు తక్కువ చదువు వైద్యుడు అన్న పద్ధతి వద్దనీ, అందరికీ ఒకే ప్రమాణం గల వైద్యుడే కావాలనీ చెప్పింది. కమిటీలోనే కొందరు విభేదించారు. ఆ ఆశయం ఉన్నతమైనది. ఎనభై ఏళ్లు కావస్తున్నా ఆ ఒకే ప్రమాణపు వైద్యుడు మాత్రం గూడేనికి నడిచి రాలేదు. ఆ ఖాళీలో ఆర్.ఎం.పి. స్థిరపడ్డాడు. జ్వరానికి సెలైన్, నొప్పికి స్టెరాయిడ్, అన్నిటికీ యాంటీబయాటిక్. నర్సు యాంటీబయాటిక్ రాస్తే మందులకు లొంగని క్రిములు పెరుగుతాయని దిగులుపడే మిత్రులు ఈ సంచి వైద్యం వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

ఆ యువకుడికి నేను చెప్పిన జవాబు ఇది. ఖాళీగా ఉన్న వైద్యుడి పోస్టును రద్దు చేసి, చౌకగా వస్తుందని నర్సును కూర్చోబెడితే నీతో పాటు నేను కూడా ధర్నాలో కూర్చుంటాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు ఉండాలి, ఏరియా ఆసుపత్రిలో నిపుణులు ఉండాలి, వారితో పాటు గూడెం దగ్గర చదువుకున్న నర్సు ప్రాక్టీషనర్ ఉండాలి. ఇంగ్లండులో 2006 నుంచి తగిన శిక్షణ పొందిన నర్సులు దాదాపు అన్ని మందులూ స్వతంత్రంగా రాస్తున్నారు. లండన్ నగరవాసి కూడా అటువంటి నర్సు వద్దకే వెళతాడు. మన దగ్గర చదివిన అమ్మాయి విమానం ఎక్కి, అక్కడ మరికొంత చదివి, ఆ అధికారం పొందుతుంది. ఇక్కడే ఉండిపోయిన ఆమె స్నేహితురాలు పారాసెటమాల్ ఇవ్వడానికి కూడా అటూ ఇటూ చూస్తుంది. అతడు నా జవాబుతో పూర్తిగా తృప్తి పడలేదు. పడకపోవడమే మంచిది. ఆ ప్రశ్న అడిగేవారు లేకపోతే ప్రభుత్వాలు సులువు దారి వెతుక్కుంటాయి.

మీరు అడవికి దూరంగా ఉన్న పాఠకులైతే ఈ గొడవ మీది కాదనిపించవచ్చు. మీ ఊరి ఉపకేంద్రంలో కూడా ఒక నర్సు ఉంటుంది. ఈసారి బి.పి. చూపించుకోవడానికి ఆమె వద్దకు వెళ్లండి. ఆమె ఎంత సేపు మీ మాట విన్నదో, మీ పాదాలు చూసిందో లేదో, ఏ పరిస్థితిలో పెద్ద ఆసుపత్రికి వెళ్లాలో చెప్పిందో లేదో గమనించండి. చెప్పకపోతే ఆమెను తప్పు పట్టకండి. ఆమెకు ఎవరు నేర్పారని అడగండి, ఆ ప్రశ్నను మీ ఎం.ఎల్.ఏ.ను అడగండి.

కిందటి శీతకాలంలో చాలా ఏళ్ల తరువాత చర్ల వైపు వెళ్లాను. ఒక ఉపకేంద్రం అరుగు మీద ఒక కోయ అమ్మాయి, ఆరోగ్య అధికారి ఉద్యోగంలో కొత్తగా చేరిందట, ట్యాబ్ ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. నేను రిటైరైన డాక్టరునని తెలిసి కుర్చీ వేసింది. అంతలో ఒక అవ్వ మనవడిని తీసుకొచ్చింది. ఏడేళ్లుంటాయి, పాలిపోయిన కళ్లు, చేతుల నొప్పులు. మలేరియా పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఆ అమ్మాయి అవ్వతో కోయలో చాలా సేపు మాట్లాడింది. తరువాత నావైపు తిరిగి, “ఇంట్లో ఇంకొక పిల్లకు కూడా ఇట్లాగే ఉండేదంట సార్. సికిల్ సెల్ ఏమోనని నా అనుమానం. గడ్డ ఉందో లేదో చూడాలి కదా, పుస్తకంలో బొమ్మ చూశాను గాని చేత్తో ఎప్పుడూ చూడలేదు” అంది.

పిల్లవాడిని బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్లు మడిపించాను. ఆమె చేతిని పట్టుకొని, కుడి తొడ వైపు నుంచి మొదలుపెట్టి, ఎడమ పక్కటెముకల వైపు మెల్లగా జరిపించాను. ఊపిరి పీల్చమని ఆమె కోయలో చెప్పింది. వాడు పీల్చాడు. ప్లీహం అంచు కిందికి దిగి ఆమె వేళ్లకు తగిలింది. “తగిలింది సార్” అంది. ఇంకొకసారి తనంతట తానే చూసింది. ఉన్నట్టుండి బిడ్డ తెల్లగా పాలిపోయి ఈ గడ్డ పెరిగితే ఒక్క పూట కూడా ఆగకూడదని చెప్పాను. ఆమె ఆ మాటను అవ్వకు కోయలో రెండుసార్లు చెప్పి, తిరిగి చెప్పించుకుంది. భద్రాచలం చీటీ రాయబోతే ట్యాబ్‌లో ఆ వివరానికి గడి లేదు. కాగితం తీసుకొని, పిల్లవాడి పొట్ట బొమ్మ గీసి, ఎన్ని వేళ్ల వెడల్పు తగిలిందో పక్కన రాసి, కింద తన సంతకం పెట్టింది.